ఫోను, నెట్టు, సబ్‌స్క్రిప్షన్లు: ఒక ఆదివారం కూర్చుని సర్దుకోవడం ఎలా?

కొత్త ల్యాప్‌టాప్ ఏది కొనాలి, ఏ ఇయర్‌బడ్స్ బాగుంటాయి అన్న ప్రశ్నలు కాసేపు పక్కన పెట్టండి. ఇప్పటికే ఇంట్లో ఏమేమున్నాయి, వాటికి నెలనెలా ఎంత కడుతున్నాం అన్నది ముందు చూడాలి. హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో రెండు మూడు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫైబర్ కనెక్షన్, నాలుగైదు ఓటీటీలు మామూలైపోయాయి. అన్నీ మనం కోరి తెచ్చుకున్నవేం కావు. రీచార్జితో పాటు వచ్చినవి, ఫ్రీ ట్రయల్ అని చేరి మర్చిపోయినవి, పిల్లలు నొక్కేసినవి కూడా వాటిలో ఉంటాయి.

నేను పాటించే లెక్క ఒక్కటే. గంటసేపు లేకపోతే పని ఆగిపోయేదానికి వెనకాడకుండా డబ్బు పెడతాను. నెల రోజులు లేకపోయినా గుర్తుకురానిదాన్ని ఆపేస్తాను. కింద చెప్పేవన్నీ ఆ లెక్క మీద నడిచేవే. ఒక నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి. ఫోన్‌లో రాసుకుంటే సరిపోదా అంటే సరిపోదు. ఫోన్ పోతే ఏం చేయాలో కూడా ఈ నోట్‌బుక్‌లోనే రాయబోతున్నాం.

మొదట: డబ్బు ఎటు పోతోందో పట్టుకోండి

బ్యాంకు యాప్‌లో గత పదమూడు నెలల స్టేట్‌మెంట్ దించుకోండి. పదమూడు ఎందుకంటే, ఏడాదికోసారి కట్ అయ్యేవి ఒకటి రెండు నెలల స్టేట్‌మెంట్లో కనపడవు. క్రెడిట్ కార్డు ఉంటే దానిదీ తీయండి. ప్రతినెలా ఒకే మొత్తం పోతున్న చోట గీత గీయండి. 99, 149, 199 లాంటి చిన్న అంకెల మీదే ముందు కన్ను వేయండి. పెద్ద అంకెలు ఎలాగూ గుర్తుంటాయి.

తర్వాత ఈ చోట్లు వెతకండి. యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే అని ఉంటుంది, దానంతటదే కట్ అయ్యేవి అక్కడ కనిపిస్తాయి. ఒకటి కంటే ఎక్కువ యూపీఐ యాప్‌లు వాడుతుంటే అన్నింటిలోనూ చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి పైన మీ బొమ్మ మీద నొక్కితే పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కాలి. కార్డు నంబరు నేరుగా వెబ్‌సైట్‌లో ఇచ్చినవి మాత్రం వీటిలో దేనిలోనూ ఉండవు. వాటికి స్టేట్‌మెంటే ఆధారం. యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. యాప్ పోతుంది, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది.

రూల్ మనకు అనుకూలంగానే ఉంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. సబ్‌స్క్రిప్షన్ల విషయంలో 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ మీ అనుమతి కావాలి. అంతకు లోపు అయితే ఓటీపీ, పిన్ ఏమీ అడగకుండానే పోతుంది. మన సబ్‌స్క్రిప్షన్లన్నీ ఈ లోపు బాపతే. కాబట్టి ఆ ముందస్తు మెసేజ్ ఒక్కటే మీకు దక్కే అవకాశం. రియల్ ఎస్టేట్ ప్లాట్ల మెసేజ్‌ల మధ్య అది కొట్టుకుపోకుండా చూసుకోండి.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన రాయండి: చివరిసారి ఎప్పుడు వాడాం, ఇదే ఇంకెక్కడైనా ఉచితంగా వస్తోందా? రెండో ప్రశ్నకే ఎక్కువ డబ్బు మిగులుతుంది. ఫైబర్ ప్లాన్‌తో ఒక ఓటీటీ వస్తుంటుంది, పోస్ట్‌పెయిడ్‌తో అదే ఓటీటీ మళ్ళీ వస్తుంటుంది, ఇంట్లో ఇంకొకరు దానికే విడిగా కడుతుంటారు. మూడు చోట్ల కట్టి ఒక చోట చూస్తున్నామన్నమాట.

ఓటీటీల విషయంలో నా సలహా వంతులు. తెలుగు సినిమా థియేటర్లోంచి ఓటీటీకి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చేస్తోంది. సంక్రాంతి సినిమాలు ఫిబ్రవరిలో, దసరా సినిమాలు దీపావళి దాటాక. అవి ఏ ఓటీటీలో వస్తున్నాయో చూసి ఆ నెలకు దాన్ని తీసుకోండి, చూసేసి ఆపండి. ఐపీఎల్ కోసమే హాట్‌స్టార్ కావాలనుకుంటే సీజన్ వరకు చాలు. చేరిన రోజే క్యాన్సిల్ కొట్టేయడం మంచి పద్ధతి. చాలా యాప్‌లలో క్యాన్సిల్ చేసినా, డబ్బు కట్టిన గడువు ముగిసేదాకా చూడొచ్చు. పిల్లలకు కార్టూన్లు, పెద్దవాళ్ళకు సీరియళ్ళు ఉన్నది మాత్రం ముట్టుకోకండి. దాన్ని ఆపితే ఆదా అయ్యేది తక్కువ, ఇంట్లో జరిగే గొడవ ఎక్కువ.

ఏఐ సబ్‌స్క్రిప్షన్లది ఇంకో కథ. 2025లో ఇవి వరుసబెట్టి ఉచితంగా వచ్చాయి. జులైలో ఎయిర్‌టెల్ వాళ్ళు పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాదిపాటు ఇచ్చారు. అక్టోబరు చివర్లో జియో వాళ్ళు జెమిని ప్రో ప్లాన్‌ను 18 నెలలకు ప్రకటించారు. నవంబరులో ఓపెన్ఏఐ తన చాట్‌జీపీటీ గోను ఏడాది ఉచితం అంది. అంతకుముందు దాని ధర నెలకు 399 రూపాయలు. మీరు చేరినవి ఏ తేదీన ముగుస్తాయో చూసి, వారం ముందుకు ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. చేరేటప్పుడు ఆటోపేకి ఒప్పుకుని ఉంటే ఆ తేదీ తర్వాత డబ్బు దానంతటదే పోవడం మొదలవుతుంది. మూడూ ఉంచుకోవాల్సిన అవసరం నాకైతే కనపడలేదు. ఏది రోజూ తెరుస్తున్నారో అదొక్కటి చాలు.

తర్వాత: కరెంటు పోయినా నెట్ ఆగకుండా

ఇంటి నుంచి పని చేసేవాళ్ళు ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే. ఖరీదైన ల్యాప్‌టాప్ ఉండి రూటర్ ఆరిపోతే మీటింగ్‌లో మీ మొహం స్తంభించిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే, కొమ్మ విరిగి తీగల మీద పడితే, ఎంత మంచి ఏరియాలో ఉన్నా కరెంటు పోతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లిఫ్టుకీ, మోటారుకీ, మెట్ల లైట్లకీ మాత్రమే పనిచేస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రూటర్ పెట్టిన ప్లగ్గు దాని లైన్‌లో ఉందో లేదో చూడండి. టీవీ వెనక పాయింటు చాలాసార్లు ఆ లైన్‌లో ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పూటలో అయిపోయే పని. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ కోసం చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ వెనక చదవండి: అవుట్‌పుట్ 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు? ఎక్కువ రూటర్లు 12 వోల్టులవే కానీ, 9 వోల్టుల దానికి 12 ఇచ్చారంటే మాడిపోవచ్చు. గోడకు ఫైబర్ డబ్బా వేరే, రూటర్ వేరే ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్కదానికే ఇచ్చి లాభం లేదు.

యూపీఎస్ ప్యాకెట్ మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి రోజంతా వస్తుందనుకోకండి. ఆ లెక్క లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర కట్టింది. అంటే 37 వాట్-అవర్లు. రూటర్ పది వాట్లు తీసుకుంటే, మధ్యలో పోయేది పోగా మూడు గంటలు. పవర్ బ్యాంకులదీ ఇదే లెక్క. మూడు గంటలు చాలు, అంతకుమించి కరెంటు పోతే కేఫ్‌కో, ఆఫీసుకో వెళ్ళడమే నయం.

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఇంటర్నెట్ అబ్బాయిని అడగాలి. "బాబూ, మా ఫ్లాట్‌లోకి నేరుగా ఫైబర్ వస్తోందా? లేక సెల్లార్‌లోనో టెర్రస్ మీదో స్విచ్ పెట్టి అక్కడి నుంచి మామూలు లాన్ కేబుల్ లాగారా?" నేరుగా ఫైబర్ వస్తే దారిలో లైన్‌ను ఇళ్ళకు పంచే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, మీ యూపీఎస్ పనికొస్తుంది. సెల్లార్‌లో స్విచ్ ఉందంటే దానికి కరెంటు పోగానే మీ యూపీఎస్ ఎంత పెద్దదైనా నెట్ రాదు. అప్పుడు ఆ స్విచ్చును జనరేటర్ లైన్‌కి కలపమని అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో అడగండి. వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కరు మొదలుపెడితే చాలు, తక్కినవాళ్ళు వాళ్ళే వస్తారు.

కరెంటు ఉన్నా నెట్ పోయే రోజులూ ఉంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్ళు కత్తిరించడం మొదలుపెట్టడంతో ఎన్నో కాలనీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఆదుకునేది ఫోన్‌లో రెండో సిమ్. మొదటి సిమ్ ఏ కంపెనీదో రెండోది ఆ కంపెనీది కాకూడదు. ఏది తీసుకోవాలో ప్రకటనలు చూసి తేల్చుకోకండి. పక్క ఫ్లాట్లో ఆ సిమ్ ఉన్నవాళ్ళను పిలిచి, మీరు కూర్చుని పనిచేసే గదిలో తలుపు వేసి స్పీడు చూడండి. రీచార్జి 28 రోజులదైతే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. ఈ రెండో సిమ్‌కి ఎక్కువ గడువున్న ప్లాన్ వెతకండి.

నోట్‌బుక్‌లో మీ కరెంటు బిల్లు మీది యూఎస్‌సీ నంబరు రాసుకోండి. కరెంటు పోయినప్పుడు 1912కి ఫోన్ చేస్తే అది ఉపయోగపడుతుంది. చీకట్లో పాత బిల్లు వెతుక్కునే పని తప్పుతుంది.

సామాను కొనాల్సి వస్తే

ల్యాప్‌టాప్ పాతబడింది, నెమ్మదించింది అనగానే కొత్తది కొనకండి. లోపల హార్డ్ డిస్క్ తిరిగే రకమైతే దాన్ని తీసి తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, ఎస్ఎస్‌డీ, వేయించండి, వీలైతే ర్యామ్ పెంచండి. చాలాసార్లు అంతటితో ప్రాణం లేచొస్తుంది. సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అంటాం, ఈ పనులకు పెట్టింది పేరు. పారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి వెళ్ళొచ్చు. మొదటి షాపులోనే బేరం కుదుర్చుకోకుండా రెండు మూడు షాపుల మెట్లెక్కండి. "భయ్యా, జీఎస్టీ బిల్లు ఇస్తారు కదా?" అని ముందే అడగండి. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానంటారు. ఆ తగ్గేది 18 శాతం పన్నులోంచి, దాంతోపాటు మీ వారంటీ కూడా పోతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ పాత ల్యాప్‌టాప్ విండోస్ 11 తీసుకోనంటే, దాని మీద బ్యాంకు పనులు మానేయండి. బ్రౌజర్ తప్ప ఏమీ వాడని ఇంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేస్తే ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. పిల్లల హోంవర్కుకి అది చాలు. కొత్తది తప్పదనుకుంటే 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీకి తగ్గకండి. ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉందా, తర్వాత పెంచుకోవచ్చా అని అడగండి.

వాడిన ఫోన్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొంటున్నా, తెలిసినవాళ్ళ దగ్గర కొంటున్నా, డబ్బు ఇవ్వకముందే *#06# కొట్టండి. ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. KYM అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. ఫోన్ మోడల్ ఏదో, బ్లాక్ అయిందో లేదో జవాబొస్తుంది. ఆ నంబరు పెట్టె మీద, బిల్లు మీద ఒకటే ఉండాలి. దొంగ ఫోన్ కొని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ మనకెందుకు?

కేబుళ్ళు, అడాప్టర్లు, రూటర్ యూపీఎస్ లాంటివి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చార్జర్, పవర్ బ్యాంక్ మీద నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో తేలిపోతుంది. పక్క కంపెనీ పేరు వస్తే ఆ వస్తువు వదిలేసి బయటికి రండి.

ఇంకొక్క మాట ఎండ గురించి. బ్యాటరీకి వేడి పడదు. మేలో కారు ఎండలో పెట్టి ల్యాప్‌టాప్ బ్యాగు అందులో వదిలి వెళ్ళకండి. రోజంతా చార్జర్‌కి తగిలించి పనిచేసేవాళ్ళు సెట్టింగ్స్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుందేమో చూసి పెట్టుకోండి.

తెలుగులో టైపు చేసే ఏర్పాటు

దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఎక్కువమంది వాయిదా వేస్తారు. ఫోన్‌లో జీబోర్డు పెట్టి, భాషల్లో తెలుగు చేర్చి, ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతి ఎంచుకుంటే అమ్మ అని రాయడానికి ఎ, డబుల్ ఎం, ఎ కొడితే చాలు. మైకు నొక్కి మాట్లాడినా రాస్తుంది. నిదానంగా చెప్తే బాగానే పడుతుంది, మన హైదరాబాదీ ధోరణిలో మూడు భాషలు కలిపేస్తే తికమకపడుతుంది.

కంప్యూటర్‌లో విండోస్ 10, 11 రెండింటిలోనూ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో భాష దగ్గర తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో ఫొనెటిక్ కలపండి. విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్ళకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటాను. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. మొదట్లో విసుగొస్తుంది. చెయ్యి అలవాటు పడ్డాక కొట్టిందే పడుతుంది, అది ఊహించి ఇచ్చేదాన్ని దిద్దుకోవాల్సిన పని ఉండదు.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. శుభలేఖో, కరపత్రమో అచ్చువేయించడానికి ప్రెస్‌కి వెళ్తే అక్కడ చాలామంది ఇప్పటికీ 'అను' అనే పాత రకం ఫాంట్లలో పనిచేస్తారు. మీరు ఫోన్లోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లో (ఇప్పుడు అన్నిచోట్లా వాడే పద్ధతిలో) రాసి పంపింది వాళ్ళకు నేరుగా అతకదు. మార్చుకోవడానికి కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. పెళ్ళివారి పేర్లు, ముహూర్తం ప్రూఫులో ఒక్కో అక్షరం చూడాల్సిందే. మీరే డిజైన్ చేసుకుంటే మండలి, రామభద్ర, ఎన్టీఆర్, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పెద్ద అక్షరాల శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. చదివే పాఠానికి మండలి నయం.

ఫోన్ పోయినా ఆగమైపోకుండా

బ్యాంకు, గ్యాస్, మెట్రో, ఆఫీసు అన్నింటి తాళం చెవి ఇప్పుడు మీ ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్. ఈ రెండూ కాపాడుకుంటే మిగతావి తిరిగొస్తాయి.

జీమెయిల్‌తో మొదలుపెట్టండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే. 2021 జూన్ నుంచి ఫొటోలూ ఆ లెక్కలోకే వచ్చాయి, 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా. నిండిపోతే మెయిళ్ళు రావడం ఆగిపోతుంది. డబ్బు కట్టేముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజీ చూడండి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలే జీబీలకు జీబీలు ఉంటాయి. అవి తీసేసి, బ్యాకప్‌లోంచి వీడియోలు మినహాయించండి. అప్పటికీ చాలకపోతే స్టోరేజీ కొనండి. నేను ఏ ఆలోచనా లేకుండా కట్టే సబ్‌స్క్రిప్షన్ అదొక్కటే. పిల్లల ఫొటోలకు ఒక బయటి హార్డ్ డిస్క్ కూడా ఉంచి, వీలైతే ఊళ్ళో అమ్మావాళ్ళ బీరువాలో పెట్టండి.

గూగుల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టాక బ్యాకప్ కోడ్లు అని పది ఇస్తుంది. నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. పాస్‌వర్డ్‌లు దాచుకునే యాప్ బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్ చాలు, ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. దాని అసలు పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీవాళ్ళు కూడా తీసివ్వలేరు, అదీ నోట్‌బుక్‌లోకే. ఆ నోట్‌బుక్ ఇంటి కాగితాలు పెట్టే చోట పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ పెట్టండి. ఆధార్, ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి.

ఫోన్ పోతే చేయాల్సిన వరుస నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి: ముందు సిమ్ బ్లాక్, వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ బ్లాక్, పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్, ఆ తర్వాత కేంద్ర టెలికాం శాఖవాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్ బ్లాక్. డబ్బు పోయిందని తెలిస్తే ఇవన్నీ అయ్యేదాకా ఆగకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డూప్లికేట్ సిమ్ పనిచేయడం మొదలైనా 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు. అంటే ఆ రోజంతా ఓటీపీలు లేవు. అందుకే కోడ్లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌ను ఇంట్లో రెండో ఫోన్‌లో కూడా పెట్టుకోమనేది. సంచార్ సాథీలోనే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

చివరగా పాత ఫోన్లు

సొరుగులో పడున్న పాత ఫోన్లను అమ్మేముందు గూగుల్ ఖాతాలోంచి లాగౌట్ అయి, ఆ తర్వాతే రీసెట్ కొట్టండి. లాగౌట్ కాకుండా కొడితే కొన్నవాళ్ళకు ఫోన్ తెరుచుకోదు, మళ్ళీ మీకే ఫోన్ వస్తుంది. లోపలి సిమ్, మెమరీ కార్డు తీశారో లేదో చూడండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను చార్జింగ్ పెట్టి చూడాలనుకోకండి, చెత్త బండిలోనూ వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి. ఫోన్ అమ్మిన రోజు కొన్నవాళ్ళ పేరు, తేదీ, ఐఎంఈఐ నంబరు రాసి ఒక సంతకం పెట్టించుకుని, అదీ ఆ నోట్‌బుక్‌లోనే దాచండి.